సోమవారం తప్పని ఫిట్స్

2023 వానాకాలం. హనుమకొండలోని ఒక పిల్లల ఆస్పత్రిలో, ఫిట్స్ వచ్చే పిల్లల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఈ పని చాలా ఏళ్లు చేస్తే మనకూ ఒక జబ్బు అంటుకుంటుంది, ఎవరినీ నమ్మలేకపోవడం. "రోజూ మందు వేస్తున్నాం" అని తల్లిదండ్రులు అనగానే నేను వాళ్ల మొహాల్లోకి చూస్తాను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా వార్డులో అది సగం డ్యూటీ.

కొత్తవాడ నుంచి వచ్చే ఏడేళ్ల శ్రీజ విషయంలో ఆ డ్యూటీ కాస్త ఎక్కువే చేశాను. వాళ్లది జంపఖానాలు నేసే ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మ లావణ్య వెనక కొట్టంలో నూలు కండెలు చుడుతూ ఉంటే, పిల్లను చూసుకునేది నానమ్మ నర్సవ్వ. పిల్లకు రోజూ రెండు పూటలా సిరప్ రాశాం. అయినా సోమవారం వచ్చిందంటే చాలు, ఫిట్ వచ్చిందని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. సీరమ్ లెవెల్, అంటే రక్తంలో మందు ఎంత ఉందో చెప్పే పరీక్ష చేయిస్తే, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. డోసు పెంచినా అదే తంతు.

"ఇట్లయితే ఇంకో మందు కలపాల్సిందే. కలిపితే పిల్ల బడిలో కూర్చున్నచోటే తూగుతది. కలపకపోతే ఏదో ఒకరోజు ఆగని ఫిట్ వస్తది, మెదడు దెబ్బతింటది" అన్నారు మా డాక్టరమ్మ.

ఇంట్లో ఎవరో సిరప్ ఎగ్గొడుతున్నారని నాకు రూఢి అయింది. ఆ ఎవరో లావణ్యే అని కూడా తేల్చేశాను. ఏం అడిగినా నేలచూపులు చూసేది మరి.

"రోజూ పోస్తున్నవా?"

"పోస్తాన సిస్టర్. పొద్దుగాల, మాపటికి."

"ఆదివారం గూడ?"

"గదేంది సిస్టర్! ఆదివారం రోగానికి సెలవుంటదా?"

అబ్బో, ఎంత పొగరు అనుకున్నాను. నర్సవ్వ అట్లా కాదు. వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నువ్వే జర అర్సుకో. నా కోడలి సంగతి నా నోటితోని చెప్పుడు మంచిగుండదు" అనేది. చెప్పనంటూనే చెప్పాల్సిందంతా చెప్పేది. కొడుకూ తల్లి మాటే నమ్మాడు. "పిల్లను సాదరాకపోతే మీ అమ్మగారింటికి పో. శ్రీజ మా తాన్నే ఉంటది" అని ఓపీ వరండాలోనే భార్యను అన్నాడు. నేను విన్నాను. నాకు జాలి కూడా కలగలేదు.

డాక్టరమ్మ శని, ఆదివారాలు పిల్లను చేర్చుకుని వీడియో ఈఈజీ పెట్టమన్నారు. తలకు వైర్లు అతికించి, మెదడు తరంగాలతో పాటు పిల్ల కదలికలనూ కెమెరాతో పట్టే పరీక్ష అది. ఈ కెమెరాకు లావణ్య దొరక్కపోదని నాకు గట్టి నమ్మకం.

శనివారం లావణ్య తప్పేదీ కెమెరాకు చిక్కలేదు. అయినా నమ్మకం కుదరక, ఆదివారం పొద్దున సిరప్ నేనే సిరంజితో కొలిచి పోశాను. లావణ్యను గదిలో ఉంచడం ఇష్టం లేక, "కిందికి పోయి అందరికీ చాయ్ తేపో" అని పంపేశాను. నర్సవ్వను పిల్ల పక్కన కూర్చోబెట్టి, డెస్క్ దగ్గరకొచ్చి తెర ముందు కూర్చున్నాను.

తెర మీద నర్సవ్వ కొంగుముడి విప్పి చిన్న సీసా తీసింది. శ్రీజ ఏడవలేదు, మారాం చేయలేదు. అలవాటైనదానిలా నోరు తెరిచింది. నేను లేచి గదిలోకి ఉరికేసరికే మంచం పక్కన బేసిన్‌లో భళ్లున కక్కేసింది. గదంతా ఆకుపసరు వాసన. నేను పోసిన ఎర్రటి సిరప్ ఆ పసరులోనే కనిపిస్తోంది.

"ఏం పట్టించినవ్ అవ్వా?" అని అరిచాను.

"గట్ల ఒర్రకు బిడ్డా, పోరి జడుసుకుంటది." పిల్ల మూతి కొంగుతో తుడుస్తూ చెప్పింది. "పోరి కడుపుల పెట్టుడు మందున్నది. అది కక్కితేనే మీ సిరప్ పట్టేది. స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు ఒకాయన పసరిస్తడు. ఆదివారం ఆదివారం రెండు పూటలా తాగిపిస్తాన."

గిట్టనివాళ్లో, మనిషిని లొంగదీసుకోవాలనుకునేవాళ్లో తిండిలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో ఉండిపోయి మనిషిని పాడుచేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. కక్కించేవాళ్ల దగ్గరికి చదువుకున్నవాళ్లూ పోతారు.

"ఎవరు పెట్టిండ్రని నీ అనుమానం?"

నర్సవ్వ గొంతు తగ్గించింది. "ఇంకెవరు? నా కోడలే. నా కొడుకు తన మాట ఇనాలని ఆనికి పెట్టింది. పోరి తండ్రి పక్కన కూసొని ఆని కంచంలకెల్లి తిన్నది."

తలుపు దగ్గర చప్పుడైంది. లావణ్య చాయ్ కప్పులతో నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడవలేదు. కప్పులు స్టూలు మీద పెట్టి, బేసిన్‌లోకి చూసింది.

"అత్తమ్మా, నేను పోసింది పోసినట్టే కక్కిస్తానవా ఇన్నొద్దులు?" అని, నా వైపు తిరిగింది. "మీరు గూడ నన్నే అనుకున్నరు గద సిస్టర్?"

నర్సవ్వా నేనూ ఇన్నాళ్లూ అనుమానించింది ఒక్క మనిషినే.

డాక్టరమ్మ వచ్చి చూసి, అదే డోసు మళ్లీ పోయించారు. వాంతి అయితే తిరిగి పోయాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, ఇంట్లో మనకు తోచినట్టు పోయకూడదు. ఆ సోమవారం ఫిట్ రాలేదు. కెమెరాలో పడిందంతా శ్రీజ నాన్నకు చూపించాం. తల దించుకున్నాడు గానీ, భార్యతో ఒక్క మంచి మాట అనలేదు. నర్సవ్వ మాత్రం పూర్తిగా నమ్మలేదు. "ఏమో అమ్మా, మీరింతగనం చెప్తాండ్రు గదా, పసరు బంద్ చేసి సూస్త" అంది. అదే పదివేలు అనుకున్నాం. తర్వాత చేసిన పరీక్షలో లెవెల్ సరిగ్గా వచ్చింది. ఇంకో మందు అవసరమే పడలేదు.

ఇప్పుడు పిల్లకు ఏం తాగిస్తున్నారని మాత్రమే కాదు, ఇంకెవరు ఏం తాగిస్తున్నారని కూడా అడుగుతాను. నా చెయ్యి పట్టుకుని తియ్యగా మాట్లాడేవాళ్లను ముందు అడుగుతాను.

మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు శ్రీజకు సిరప్ పోయబోతుంటే లావణ్య నా మణికట్టు పట్టుకుంది.

"ఆగుండ్రి సిస్టర్. ఏం పోస్తాండ్రో జర సీసా చూపెట్టుండ్రి."

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను అట్లా అడిగినవాళ్లు లేరు. చురుక్కుమంది. అయినా సీసా ఆమె చేతికిచ్చాను. పేరు కూడబలుక్కుని చదివింది, సిరంజిలో గీత చూసింది. అప్పుడు గానీ నా చెయ్యి వదల్లేదు.