కేప్ పాలిసర్ మెట్ల దగ్గర ఆగిపోయిన మనిషి

మా ఆయనకు లైట్‌హౌస్‌ల పిచ్చి. న్యూజిలాండ్ వచ్చిన కొత్తలో మావాళ్ళందరూ ఇళ్ళ ధరలు చూసుకుంటుంటే, ఈయన మ్యాపులో సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండలు వెతికేవారు. సెలవు దొరికితే చాలు, పులిహోర డబ్బాతో నన్నూ లాక్కుపోయేవారు.

నాకు రెండోసారి నెల తప్పాక ఆ పిచ్చికి కళ్ళెం పడింది. భార్య కడుపుతో ఉంటే భర్త కొండ ఎక్కకూడదని కాకినాడ నుంచి అత్తగారు ఫోన్ చేసి చెప్పారు. మొదటిసారి ఈ మాట చెప్పడం మర్చిపోయానని బాధపడ్డారు కూడా. ఆ కడుపు మూడో నెలలోనే పోయింది. అందుకని నేను ఎదురు చెప్పలేదు. కానీ వెల్లింగ్టన్‌లో డెయిరీకెళ్ళి పాలు తేవాలన్నా కొండ ఎక్కాల్సిందే. చర్చలు జరిగాక, ఇంటి మెట్లు కొండ లెక్కలోకి రావనీ, కారులో ఎక్కితే తప్పు లేదనీ ఆవిడే తీర్పిచ్చారు. ఇంజనీరింగ్ చదివిన మనిషి ఇదంతా తు.చ. తప్పకుండా పాటిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఉత్త అమ్మకూచి అనుకునేదాన్ని.

ఐదో నెలలో నేనే పోరుపెట్టి కేప్ పాలిసర్ లైట్‌హౌస్‌కు బయల్దేరదీశాను. ఎరుపు, తెలుపు చారలతో నూరేళ్ళు దాటిన ఇనుప కట్టడమది. కాపలావాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆ దీపాన్ని ఇప్పుడు వెల్లింగ్టన్‌లో కూర్చుని కంప్యూటర్ మీద చూసుకుంటారట. దారి పక్క రాళ్ళ మీద సీల్స్ పడుకుని ఉన్నాయి, కారు అద్దాలు ఎత్తినా వాటి కంపు ఆగలేదు. కొండ మీదికి నిటారుగా చెక్క మెట్లున్నాయి. ఆయన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు.

"వద్దులే, ఇక్కణ్ణుంచే చూసేద్దాం."

"మిడ్‌వైఫ్ నన్ను బాగా నడవమంది. మీరుండండి," అని ఉక్రోషంతో ఎక్కాను, మధ్యమధ్య ఆగుతూ.

పైన గాలి మనిషిని నిలవనివ్వలేదు. లైట్‌హౌస్ మొదట్లో కూర్చున్నానో లేదో, లోపల చేపపిల్ల తోక ఆడించినట్టు అయింది. కాసేపటికి మళ్ళీ అయింది. బిడ్డ కదలడం అదే మొదటిసారి. రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని ముందుకు వంగిపోయాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కింద నుంచి ఆయనకు నేను వంగిపోవడం ఒక్కటే కనిపించింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నొప్పా? ఎక్కడ?"

"నొప్పి కాదు, కదిలింది," అని ఆయన చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకున్నాను. పైకి ఏమీ తెలియలేదు. అయినా ఆయన చెయ్యి తియ్యలేదు.

"కొండెక్కేశారుగా. అత్తయ్యగారికి చెప్పన్లెండి," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "పోయినసారి ఆఫీసు పనిమీద డునెడిన్ వెళ్ళాను కదా. అక్కడ లైట్‌హౌస్ ఉందంటే కొండెక్కాను. మర్నాడే నువ్వు ఏడుస్తూ ఫోన్ చేశావు. నావల్లే పోయిందేమో అని..." ఆ మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేశారు.

అప్పట్లో ఆసుపత్రిలో డాక్టరు, ఇది ఎవరి తప్పూ కాదని, నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు చెప్పింది. పక్క కుర్చీలో ఉన్న మనిషికి కూడా ఆ మాట చెప్పాలని ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు.