చిల్లు పెట్టనన్న సంచి

అది 2022 నవంబరు. కంచరపాలెంలో రైలు కట్టకు ఎదురుగా మా టార్పాలిన్ కొట్టు. లారీల మీద కప్పే బరకాలు, పోర్టులో సరుకు మీద పరిచే కవర్లు, జాలర్ల పడవ ఇంజన్లకు తొడిగే తొడుగులు, ఇవీ మా పనులు. కొట్టు పెట్టింది నాన్న. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి మిషన్ ముందు కూర్చుంటావా అని అడిగిన ప్రతివాళ్లతోనూ పోట్లాడి మరీ కూర్చున్నాను. నాన్న పోయాక ఇరవయ్యేళ్లుగా ఒక్కదాన్నే నడుపుతున్నాను. కుట్టేవాళ్లను పెట్టుకోలేదా అంటే పెట్టుకున్నాను. నా నోటికి తట్టుకుని రెండు నెలలకు మించి నిలిచినవాళ్లు లేరు.

మా వృత్తికి ఒకటే ధర్మం. నీటిచుక్క లోపలికి రాకూడదు. సూది దిగిన ప్రతిచోటా చిల్లు పడుతుంది కాబట్టి, కుట్టు పూర్తయ్యాక దాని మీద టేపు పరిచి వేడిగాలితో అతికిస్తాం. దాన్ని హీట్ సీలింగ్ అంటారు. నేను సీల్ చేసిన కవర్లో నీళ్లు పోసి ఒక పూట వేలాడదీస్తాను. కింద నేల తడిసిందంటే కుట్టంతా విప్పేస్తాను. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. వాదించడం నాకిష్టం కూడా. ఎందుకిష్టమో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాదన సాగినంతసేపు ఎదుటి మనిషి కొట్లో ఉంటాడు. ఒప్పుకున్నాడంటే వెళ్లిపోతాడు.

ఆ నవంబరులో ఒక ఉదయం అప్పన్న వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, మోకాళ్ల దాకా ఎండిన బురద. తగరపువలస అవతల ఒక పల్లె. భుజాన ఉన్న గోనెసంచి దించి, అందులోంచి ఒక పెద్దబాతును మెడ పట్టుకుని పైకి తీశాడు. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్లపట్టీలు.

"ఏమయ్యా, వేటా? పోలీస్ స్టేషన్ ఇక్కడికి ఎంత దూరమో తెలుసా నీకు?" అన్నాను.

"పిలాస్టిక్కమ్మా. ముట్టుకోండి," అన్నాడు.

ముట్టుకున్నాను. లోపల డొల్ల. దాన్ని ఫుల్-బాడీ డెకాయ్ అంటారట. అంటే నీటి మీద తేలే సగం బొమ్మ కాదు, పొట్ట, తోక, కాళ్లు అన్నీ ఉండి నేల మీద నిలబడే నిండు బొమ్మ. బయటి దేశాల్లో వేటగాళ్లు వీటిని పొలంలో నిలబెట్టి, పైన ఎగిరే పక్షులను నమ్మించి కిందకు దింపుతారు. ఇక్కడ వేట నేరం, వీటి పని వేరు. అప్పన్న ఊరి సాగునీటి చెరువుకు ప్రతి చలికాలం ఈ పెద్దబాతులు వచ్చేవి. చెరువులో మట్టి తవ్వకాలు మొదలయ్యాక రావడం మానేశాయి. లారీలు వెళ్లిపోయి మూడేళ్లయింది, ఆ సంగతి బాతులకు తెలియదు. తమవాళ్లు నిలబడి ఉండటం చూస్తే దిగుతాయేమో చూద్దామని ఒక కాలేజీ ప్రొఫెసరు అనుమతులన్నీ తెచ్చుకుని పన్నెండు బొమ్మలు తెప్పించాడు. వాటిని మోసి, నిలబెట్టి, మాటున కూర్చుని చూసే పని అప్పన్నది. గడువు జనవరి ఆఖరు. అప్పటికి ఒక్క గుంపైనా దిగకపోతే బొమ్మలు తీసేస్తారు. ఇదంతా నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. నాకు అనుమతి కాగితం చూపించేదాకా నేనూ వదల్లేదు.

ఇబ్బంది ఎక్కడంటే మోతలో. గోనెలో బొమ్మలు ఒకదానికొకటి రాసుకుని రంగు నున్నబడుతోంది. నున్నబడితే మెరుస్తుంది. మెరిసే బాతు ఎక్కడా ఉండదు కాబట్టి పైనున్నవి నమ్మవు. ఆ మెరుపు ఉండకూడదనే తలకూ మెడకూ మఖమల్ లాంటి సన్నటి నూగు అతికించి ఉంటుంది. దాన్ని ఫ్లాకింగ్ అంటారు. వీటికి స్లాట్ బ్యాగులు కావాలి, అంటే లోపల ఒక్కో బొమ్మకు ఒక్కో అర ఉన్న సంచులు. ఆరేసి అరలతో రెండు.

కొలతలు తీసుకుంటుంటే అన్నాడు, "అడుగున సిల్లులెట్టండమ్మా. నీల్లు కారిపోవాల."

"నీళ్లు లోపలికి వస్తే కదా కారడానికి? నా సంచిలోకి రావు."

"ఆటికే తడుంటాదమ్మా. మంచు పడతాది. బురద కాల్లు."

"తుడిచి పెట్టుకో."

"పన్నెండమ్మా. నానొక్కడినే."

"ఇరవయ్యేళ్లలో టార్పాలిన్‌కి చిల్లు పెట్టమని నన్నెవరూ అడగలేదు. సంచి నువ్వు కుడతావా, నేను కుట్టనా?"

అతను ఇంకేమీ అనలేదు. గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా రెండు సంచులు ఇచ్చాను. మందపాటి టార్పాలిన్, కుట్టుకుట్టుకూ సీలింగు, నోటికి జిప్పు. చెరువులో ముంచినా చుక్క చొరబడదని చెప్పి పంపాను.

డిసెంబరు సగానికి సంచులు మోసుకుని మళ్లీ వచ్చాడు. జిప్పు తీయగానే మగ్గిన గుడ్డల వాసన. నూగుకు బూజు పట్టి, తలల మీంచి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. నాలుగు తలలైతే పూర్తిగా బోడి. కింద ప్లాస్టిక్ పింగాణీ కప్పులా నిగనిగలాడుతోంది. ఎండబెట్టలేదా అని ముందు అతని మీదే లేచాను. బొమ్మలు పెట్టే గదిలో ఎలుకలున్నాయనీ, కొరికేస్తాయని ప్రొఫెసరు సంచులు మూసే ఉంచమన్నాడనీ చెప్పాడు. బొమ్మలు పొద్దున్న మంచులో నానతాయి. మధ్యాహ్నం సంచిలోకి వెళ్తాయి. మళ్లీ తెల్లవారేదాకా గాలి తగలదు.

"మొన్న పదకొండొచ్చినాయమ్మా," అన్నాడు.

నేను ఒక బోడితలను చేతిలోకి తీసుకున్నాను.

"రెండు సుట్లు తిరిగినాయి. కాల్లు కిందకి ఏలాడేసినాయి, ఇంక దిగడమే. అప్పుడెండొచ్చింది. ఈటి తలకాయలు తళుక్కుమన్నాయి. ఎల్లిపోనాయి."

"నా సంచివల్ల. ఆ మాట అను."

"నానలాగ అన్నేదమ్మా."

అనలేదు, నిజమే. అని ఉంటే వాదించేదాన్ని. సంచిలో చెయ్యి పెట్టి అడుగు తడిమాను. వేళ్లకు చెమ్మ. లోపలికి రాని నీరు బయటికి పోవడానికి కూడా దారి ఉండదని తెలుసుకోవడానికి కెమిస్ట్రీ చదవనక్కర్లేదు. నేను చదివి కూడా తెలుసుకోలేదు. నవంబరులో అతను మాట్లాడకుండా ఊరుకున్నది ఒప్పుకున్నందుకు కాదు, ఈవిడతో మాట్లాడి లాభం లేదని.

"రేపు మీరు చెరువుకి ఎన్నింటికి వెళ్తారు?" అన్నాను. అప్పటిదాకా నువ్వు అంటున్నదాన్ని, మీరు అని వచ్చేసింది.

మర్నాడు కొట్టుకు తాళం వేసి మొదటి బస్సుకు తగరపువలసలో దిగాను. అక్కడినుంచి ఆటో, ఆ తర్వాత నడక. సంచి కుట్టేముందు చూడాల్సింది ఆ రోజు చూశాను. చెరువుగట్టు మీద కిలోమీటరున్నర. ఆరు బొమ్మలు భుజాన వేసుకుని వెళ్తాడు, వాటిని దించి, మిగతా ఆరింటికోసం వెనక్కి వస్తాడు. పట్టీ సన్నది కావడంతో భుజం మీద ఎర్రగా గాడి పడింది. గట్టు దిగాక మోకాలి లోతు బురద. సంచి కింద పెట్టడానికి పొడినేల ఎక్కడా ఉండదు. బొమ్మలన్నిటినీ గాలికి ఎదురుగా నిలబెట్టి, మధ్యలో దిగడానికి చోటు వదులుతాడు. దేన్నీ గుంపుకు దూరంగా పెట్టడు. ఎడంగా నిలబడిన పిట్ట ఏదో చూసి బెదిరిందని పైనున్నవి అనుకుంటాయట. తర్వాత తుమ్మపొద వెనక గోనెపట్టా కప్పుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటాడు. చుట్టూ ఎవరూ ఉండరు. మాట్లాడకూడదు.

"నెలయిపోనాది కదమ్మా, మాట తగ్గిపోనాది. ఇంటికెల్లినా రాదు," అన్నాడు, మామూలుగానే.

తిరిగి వచ్చాక రెండు సంచులూ కొత్తగా కుట్టాను. పాతవాటికి చిల్లులు కొట్టి సరిపెట్టొచ్చు, నాకే మనసొప్పలేదు. ఈసారి అడుగంతా మెష్, అంటే దోమతెరకన్నా గట్టిగా ఉండే నైలాను వల. ఎలుక కొరకకుండా గదిలో పైన వేలాడదీసుకోవడానికి రెండు రింగులు. అరల మధ్య మెత్తటి ఫెల్టు. భుజానికి వెడల్పు పట్టీ, దాని కింద స్పాంజి. తలలకోసం ద్వారకా నగర్ వెళ్లి తెల్ల మఖమల్ తెచ్చాను. బోడితలలు నాలుగింటికీ ముక్కలు కత్తిరించి అతికించి, నల్లపట్టీలు విడిగా వేశాను. మిగతావాటికి పెచ్చులూడిన చోట్ల అతుకులు వేశాను. బాతు తలకు గుడ్డ కత్తిరించడమంటే చంటిపిల్లకు టోపీ కుట్టడం లాంటి పని, ఎక్కడా ముడత రాకూడదు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కొట్లో ఎవరితోనూ వాదన జరగలేదు. జరగలేదన్న సంగతి కూడా తర్వాతే తట్టింది. ఒంటి మీద నున్నబడ్డ చోట్ల ఏం చెయ్యాలో నాకు తోచకపోతే, అప్పన్న చెరువు బురద పల్చగా రాసి ఆరబెట్టాడు. మెరుపు పోయింది.

జనవరి ఆఖరువారం దాకా ఏదీ రాలేదు. గడువు ఇంకా రెండు రోజులుందనగా ఫోను చేసి, ఏమైందని అడిగాను. ఏటీ అవలేదన్నాడు. ఎందుకో అక్కడ ఉండాలనిపించింది. తెల్లవారేసరికి వెళ్లి, రెండో సంచి నేను మోశాను. బురదలో ఒకసారి దించి ఎత్తేసరికి మెష్‌లోంచి నీళ్లు నా కాళ్ల మీదే కారాయి. పొద వెనక ఇద్దరం గోనెపట్టా కప్పుకుని కూర్చున్నాం. అప్పన్న గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు ఇదే చెరువు కింద వాళ్ల నాన్న పొలం ఉండేది. మొలక మేసేస్తున్నాయని బాతుల మీదకు ఇతన్నే తోలేవారు.

"డబ్బా వాయించీవోన్నమ్మా. వందలు లెగిసిపోయీవి. అవి అలాగ లెగుస్తంటే బలే సరదా."

ఇప్పుడు ఒక్కటి దిగితే చాలని కూర్చున్నాడు.

ఎండెక్కాక ఒక్కటి వచ్చింది. ఒక్కటే. ఉత్తరం వైపునుంచి, బాగా కిందుగా. రెండుసార్లు తిరిగింది. అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్న సంగతి అతనికి తెలుసని అనుకోను. మూడోసారి కాళ్లు వేలాడేసి, రెక్కలు ఎత్తిపట్టి, మధ్యలో వదిలిన చోట దిగింది. నిలబడి రెక్కలు సర్దుకుంది. తర్వాత పిలిచింది. ముక్కుతో అన్నట్టుండే అరుపు. పన్నెండింటిలో ఏదీ పలకలేదు. కాస్త ఆగి మళ్లీ పిలిచింది. నేను మఖమల్ అతికించిన బొమ్మల్లో ఒకదాని దగ్గరకు నడిచి, దాని ముఖంలో ముఖం పెట్టి ఇంకోసారి పిలిచింది.

"జవాబు సెప్పీవోల్లు నేరు దానికి," అన్నాడు అప్పన్న.

నాకు నా కొట్టు గుర్తొచ్చింది. కౌంటరు ఇవతల నేను, అవతల చిల్లు గురించి అడిగి ఊరుకున్న మనిషి. ఎదుటివాడు పలకకపోయినా అక్కడే నిలబడి మాట్లాడుతూ ఉండటం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

చాలాసేపు పిలిచి మానేసింది. ఎగిరిపోతుందనుకున్నాం. పోలేదు. ఒంటికాలి మీద నిలబడి, తల వెనక్కి తిప్పి రెక్కల్లో దోపుకుని నిద్రపోయింది. పక్షి బెదురున్న చోట నిద్రపోదని అప్పన్న అన్నాడు. బొమ్మలు తీసే వేళయింది, వెళ్తే అది లేస్తుంది. లేపకూడదని ఇద్దరం పైకి అనకుండానే అనుకున్నాం. దాహం వేసింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. మధ్యాహ్నం దాటాక తనంతట తానే లేచి, నీళ్లు తాగి, వచ్చిన వైపే వెళ్లింది. అప్పన్న డబ్బా వాయించాల్సిన అవసరం రాలేదు.

ప్రొఫెసరుకు ఇచ్చే లెక్క కాగితంలో అప్పన్న "ఒకటి, దిగింది" అని రాశాడు. ఒక్కదాన్ని గుంపుగా లెక్కించడానికి లేదని ప్రొఫెసరు అన్నాడట, అదీ న్యాయమే. బొమ్మలు కాలేజీ గదిలోకి వెళ్లిపోయాయి. ఆ పదకొండు దిగి ఉంటే ఏమయ్యేదో నేనెప్పుడూ అప్పన్నను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సంచులు కాలేజీకి అప్పగించే ముందు వాటిని తీసుకుని చివరిసారి కొట్టుకు వచ్చాడు. సంచి మీద ఏదైనా రాసి పెట్టమన్నాడు. ఇంకెవరో మోస్తారు, ఆలకి తెలవాల కదమ్మా అన్నాడు. తెల్లగుడ్డ మీద నల్లదారంతో రెండు సంచులకూ కుట్టాను. "అడుగు మూయకండి. వేలాడదీయండి." ఆయన వేలితో అక్షరాలు తడిమి చూసి, బాగుందన్నాడు. వాదించడానికి ఏమీ లేకపోయింది. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఎవరు సంచి కుట్టమన్నా, కొలతలకన్నా ముందు మోసే మనిషిని పంపమంటాను. వస్తువు తడితో లోపలికి వెళ్లేదైతే అడుగున మెష్ వేస్తాను. జనం ఊరుకోరు. టార్పాలిన్ సంచికి చిల్లులేమిటమ్మా, మతి పోయిందా అని కౌంటరు మీద చెయ్యి వేసి మరీ అడుగుతారు. గంటసేపు వాదించగలిగిన విషయమే అది, నా దగ్గర కారణాలకు కొదవ లేదు. అయినా ఒక్క ముక్కే చెబుతాను.

"మోసినాయన చెప్పాడు."