నైరుతి మూల నీళ్ళు

మా తోడల్లుడు కోటయ్య నిండు కుంట గట్టు మీద నిలబడి దిగిన ఫొటో బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అటూ ఇటూ అధికారులు, మధ్యలో మెడలో దండతో కోటయ్య. జూలై సగమైనా మా బొల్లాపల్లి వైపు బోర్లు గాలి కక్కుతుంటే, దుర్గి పక్కన ఉన్న ఇతనికి మాత్రం నీళ్ళు. నా భార్య నాగమణి, కోటయ్య భార్య పద్మ సొంత అక్కచెల్లెళ్ళు. పెద్దల్లుణ్ణి నేను. ఆ ముక్క గుర్తుంచుకోండి.

"కళ్ళల్లో నిప్పులు పోసుకుంటా ఇంట్లో కూచోమాక. పొయ్యి చూసిరా," అంది నాగమణి. "ఈ ఏడన్నా మిరప వేద్దామా, లేదంటే చేను కౌలుకిచ్చి గుంటూరు పొయ్యి ఎవరి కాయలకో తొడిమలు తీసుకుంటా బతుకుదామా, వచ్చి చెప్పు."

అలా బయల్దేరాను. మా వైపు నుంచి వెళ్ళాలనుకునే రైతులకు పనికొస్తుందని దారితో సహా రాస్తున్నాను.

పొద్దున ఆరింటికి షేర్ ఆటో ఎక్కితే కారంపూడి చేరేసరికి ఏడున్నర. రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తినొచ్చు, కారం బాగుంటుంది, చట్నీ జోలికి పోకండి. ఎనిమిదింటికి రావాల్సిన మాచర్ల బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. పక్క సీట్లో పెద్దావిడ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ తీసుకుంది. నేను డబ్బులిచ్చి తీసుకున్నాను. ఆ రోజు నా మనసు ఎలా ఉందంటే, ఆవిడ టికెట్ చూసినా కుళ్ళు పుట్టింది.

"యాడికి నాయనా?" అని అడిగింది.

"మా తోడల్లుడి చేలో కుంట చూడ్డానికి."

"నీళ్ళుండయ్యా దాంట్లో?"

"ఉన్నాయంట."

"చానా అదృష్టవంతుడే," అంది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

కిటికీ అవతల పత్తి చేలు. విత్తనాలు పెట్టి, మాడిపోతే మళ్ళీ పెట్టినవి. జూన్‌లో ఒక్క వాన పడింది. గంటసేపు కుండపోతగా కురిసి, పైమట్టిని వాగులోకి ఈడ్చుకుపోయింది. తర్వాత చుక్క లేదు. నా చిన్నతనంలో రోజుల తరబడి ముసురు పట్టేది, నేల మెల్లగా తాగేది. ఇప్పుడు వాన వచ్చినా భయం, రాకపోయినా భయం. పడిన నీళ్ళను పడిన చోటే ఆపుకోవాలని ప్రభుత్వం ఉపాధి హామీ కింద చేలల్లో కుంటలు తవ్విస్తోంది. నిజానికి నాకూ ఒకటి ఉంది. కోటయ్యదీ నాదీ ఒకే ఏడు మంజూరయ్యాయి. ఒకే కొలత, ఒకే రకం బోర్డు. నా కుంటలో మా మేకలు పడుకుంటాయి.

పదింటికి దుర్గిలో దిగాను. రాతిబొమ్మలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుళ్ళ మధ్య కోటయ్య బండి మీద ఎదురొచ్చాడు. ఫొటోలో కంటే లావయ్యాడు. వాళ్ళ ఊరు అక్కడికి పావుగంట.

"రా బావా. అక్కను తీసుకురాలేదేం?" అంటూ పద్మ జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. రొట్టె మెత్తగా, రుచిగా ఉంది. అదీ నాకు నచ్చలేదు.

తిన్నాక ముగ్గురం చేనుకు వెళ్ళాం. కుంటలో సగం పైగా నీళ్ళు. జూన్‌లో పడిన ఆ ఒక్క వానవే. పక్కనే మిరప నారు ఏపుగా ఉంది. నాకు కడుపు మండిపోయింది, దాచడమెందుకు. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని నాలుగు వైపులా చూస్తే, దొరికింది.

"నైరుతిలో గొయ్యి తవ్వావేంది కోటయ్యా? ఇంటి యజమానికి మంచిది కాదంటారే."

ఇది నాకు ముందే తెలుసు. కుంటలు మంజూరైన ఏడు మేమిద్దరం కలిసే సిద్ధాంతి దగ్గరకు వెళ్ళాం. నీళ్ళు ఈశాన్యంలోనే ఉండాలన్నాడాయన. కొలతలు వేయడానికి వచ్చిన ఉద్యోగి ఈశాన్యం మెరక, నీళ్ళు ఎక్కవు అన్నా, నాగమణి నైరుతి పల్లంలో తవ్విద్దామని పోరినా, నేను ఈశాన్యంలోనే తవ్వించాను. కోటయ్య నైరుతిలో తవ్వించాడని తెలిశాక, ఏమవుతుందోనని ఎదురుచూశాను. అతనికి చెడు జరగాలని కాదు. కొంచెం జరిగితే బాగుండునని.

"నేనూ ఈశాన్యమే అన్నా అన్నయ్యా. ఈమె ఒప్పుకోలా," అన్నాడు కోటయ్య.

"తవ్వకముందే గొడుగేసుకుని వానలో చేను గట్టు మీద నిలబడి చూశా బావా," అంది పద్మ. "నీళ్ళన్నీ ఇటే వత్తన్నయ్. వాస్తు ఊళ్ళో ఇంటికి చూసుకోండి, ఇది చేను అన్నా. అయినా భయం పోలా. ఆ ఏడంతా ఈయన తుమ్మినా కుంట మీదే అనుమానం."

కోటయ్య పగలబడి నవ్వాడు. నేనూ పైపైన నవ్వి, నాకు ఇంకో కుంట ఇస్తారేమో అని అడిగాను.

"యాడిస్తారన్నయ్యా? నీ కుంట ఫొటో కంప్యూటర్లో ఎక్కింది. అయిపోయినట్టే లెక్క."

నాకు కుంట ఉందని ప్రభుత్వానికి తెలుసు. అందులో నీళ్ళు లేవని మేకలకు తెలుసు. వాళ్ళిద్దరూ నారు దగ్గర వంగి ఏదో చూస్తున్నప్పుడు, కోటయ్య కుంట గట్టు చుట్టూ నడిచి అడుగులతో కొలుచుకున్నాను. ఎందుకు కొలిచానో అప్పటికి నాకే తెలియదు.

బయల్దేరుతుంటే పద్మ తడి గోనెపట్టాలో నారు చుట్టి తెచ్చింది. "మాకు ఎక్కువైంది బావా, తీసకపో," అంది. చేలో నీళ్ళు లేనివాడికి నారు ఎందుకు? వద్దందామనే అనుకున్నాను గానీ చేతులు చాపేశాను.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. కారంపూడిలో దిగేసరికి ఆకాశం నల్లబడింది. ఆటో కోసం టీ కొట్టు రేకుల కింద నిలబడ్డానో లేదో, వాన విరుచుకుపడింది. రోడ్డు మీద ఎర్రనీళ్ళు పరుగెత్తడం చూస్తుంటే కోటయ్య కుంటే కళ్ళ ముందు మెదిలింది. ఈ వానకు అది నిండి అలుగు పారుతుంది. ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమే, ఆడ వాన పడతందా?"

"దంచికొడతంది. చేలోనే ఉన్నా."

"ఈ వానలో చేలో ఏం పని?"

"నీళ్ళు నిలబడిన కాడల్లా కందికట్టెలు పాతతన్నా. నైరుతి మూల."

ఫోన్ రెండో చెవికి మార్చాను. నాగమణే అంది: "నేను చెప్తే ఏనాడన్నా విన్నావా? మా చెల్లెలి మొగుడి కుంట చూసొస్తేగానీ నీకు రోషం రాదని పంపించా. జేసీబీ అబ్బాయికి చెప్పా, నేల ఆరంగానే వస్తాడు. రెండు మేకలు అమ్మితే సరి. నారు తెస్తన్నావా?"

నారు ఎందుకు ఎక్కువైందో అప్పుడు అర్థమైంది. అక్కచెల్లెళ్ళు నా వెనక అన్నీ మాట్లాడుకునే ఉన్నారు.

వెళ్ళాలనుకునేవారు దుర్గి వైపు తప్పకుండా వెళ్ళండి, బస్సులు బాగానే ఉన్నాయి. కాకపోతే ఒక వానరోజు మీ చేను గట్టునే గొడుగేసుకుని నిలబడితే, ఆ ప్రయాణం ఖర్చు మిగలొచ్చు.

ఆటో నన్ను చేను దగ్గర దింపేసరికి వాన తెరిపిచ్చింది. మిరప అన్నిటికంటే బాగా పండే నల్లరేగడి నేల ఆ నైరుతి మూల. నాగమణి తడిసి ముద్దై, మోకాళ్ళ దాకా బురదతో నిలబడి ఉంది. చుట్టూ కందికట్టెలు.

"ఈడ నుంచి ఆడదాకా. చాలా?" అంది. గుంటూరు మాట ఇద్దరం ఎత్తలేదు.

నారు గట్టు మీద పెట్టి, కోటయ్య గట్టు మీద వేసిన అడుగులే మళ్ళీ వేసుకుంటూ వెళ్ళాను. చివరి కట్టె పీకి, రెండడుగులు అవతల పాతాను.

"అదేందయ్యా?"

"వాడిదానికంటే పెద్దదుండాలి," అన్నాను.