ఇటలీ కాలనీలో కాఫీ

గల్ఫ్ యుద్ధం ముగిశాక మా కంపెనీకి ఉన్నట్టుండి జాలి పుట్టుకొచ్చింది. అందరి మీదా కాదు, ఇటలీ వాళ్ళ మీద. సౌదీలో జుబైల్ దాటి ఉత్తరంగా పోతే, ఒక పక్క సముద్రం, మిగతా మూడు పక్కలా ఇసుక తప్ప ఏమీ లేని చోట మాకొక పాత పంపింగ్ స్టేషన్ ఉండేది. దాన్ని బాగుచేయడానికి ఇటలీ నుంచి సాంకేతిక నిపుణుల్ని పెళ్ళాం పిల్లలతో సహా రప్పించారు. వాళ్ళ కోసం తెల్లటి ఇళ్ళు కట్టి, పూలకుండీలు పెట్టి, చుట్టూ గోడ లేపారు. గోడకు ఇవతల వాళ్ళ కాలనీ, అవతల మనవాళ్ళ లేబర్ క్యాంపు. నేను కాలనీ క్లినిక్‌లో నర్సుని, మా ఆయన క్యాంపులో పైపు ఫిట్టరు. మొగుడూ పెళ్ళాం కలుసుకోవాలంటే ప్రతి శుక్రవారం ఆయన గేటు దగ్గర మా పెళ్ళి కాగితం చూపించాలి. కాపలావాడు ప్రతిసారీ దాన్ని కొత్తగా చూస్తున్నట్టే చూసేవాడు.

ఇటలీ వాళ్ళ మంచీ చెడ్డా చూడటానికి ఒక వెల్ఫేర్ ఆఫీసరు ఉండేవాడు. మన తెలుగువాడే, కోస్తా మనిషి, పెద్ద చదువు చదివినవాడు. యుద్ధంలో మొదటి సైరన్ మోగగానే దమ్మామ్ నుంచి జెద్దాకి ఉడాయించి, అంతా సద్దుమణిగాక ఇస్త్రీ చొక్కాతో తిరిగొచ్చిన ఘనుడు. ఆ రోజుల్లో మా ఆయనా, తోటివాళ్ళూ విషవాయువు భయంతో క్యాంపు కిటికీలకు టేపు అంటించుకుని అక్కడే పడి ఉన్నారు. వాళ్ళను ఎక్కడికైనా తరలించాలని ఎవరికీ తోచలేదు. సంక్షేమం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే.

ఆఫీసరుగారికి ఇటలీ గురించి తెలిసిందల్లా మాకరోనీ. క్యాంటీన్ వంటవాడి చేత దాన్ని ఉప్మాలా ముద్ద చేయించి, పైన టమాటా సాస్ పోయించి, మొదటి రోజే విందు ఇచ్చాడు. ఆ ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, రొట్టె ముక్కలు కొరుక్కుని లేచిపోయారు. పాపం ప్రయాణ బడలిక అని ఆయన తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మా గొడవ నీళ్ళ గొడవ. అక్కడికి రెండు రకాల నీళ్ళు వచ్చేవి. ఒకటి ట్యాంకర్లలో వచ్చే మంచినీళ్ళు. రెండోది బోరు నుంచి వచ్చే ఉప్పునీళ్ళు, అవి కడుక్కోవడానికి. కాలనీకి రెండూ ఉండేవి. క్యాంపుకి మాత్రం బోరు నీళ్ళే, కడగడానికైనా, వండటానికైనా, తాగడానికైనా. మా ఆయనకు అప్పటికే కిడ్నీలో రాయి ఉంది. నొప్పి మొదలైతే మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిపోయేవాడు. నీళ్ళు బాగా తాగమని మా డాక్టరు చెప్పాడు. ఏ నీళ్ళో చెప్పలేదు. ఇంకోసారి పని మధ్యలో పడిపోతే అన్‌ఫిట్ అని రాసి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. శుక్రవారం ఆయన తెచ్చుకున్న ఫ్లాస్కులో నీళ్ళు పారబోసి, క్లినిక్‌లోని మంచినీళ్ళు నింపి పంపేదాన్ని. పారబోసే ముందు ఒకసారి నోట్లో పోసుకుని చూసేదాన్ని, ఆయన వారమంతా ఏం తాగుతున్నాడో మర్చిపోకూడదని.

క్యాంపుకి కూడా మంచినీళ్ళ ట్యాంకరు పెట్టించమని ఆఫీసర్ని అడిగాను. క్యాంపు తన విభాగం కిందికి రాదన్నాడు. మరి ఎవరి కిందికి వస్తుందని అడిగితే కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నట్టున్నాడు.

ఆ మహానుభావుడు అంతలోనే ఇంకో ఘనకార్యం చేశాడు. కాలనీ వంటిళ్ళలో తొట్టి మీద రెండేసి కుళాయిలు ఉండేవి, మంచినీళ్ళకు నీలం ప్లాస్టిక్‌ది, బోరు నీళ్ళకు ఇనుపది. అవి చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయని, వచ్చినవాళ్ళకు సొంతింట్లో ఉన్నట్టు అనిపించాలని, ఇటలీ నుంచే వంకీలు తిరిగిన ఇత్తడి కుళాయిలు తెప్పించాడు, ఇంటికి ఒక్కటి. దాన్ని ఏ గొట్టానికి కలపాలని ప్లంబరు అడిగితే, ధార బాగా వచ్చేదానికి కలపమన్నాడట. ధార బాగా వచ్చేది బోరు నీళ్ళకే. ఈ సంగతి ఆ ప్లంబరు మాకు చెప్పింది చాలా తర్వాత. కొత్త కుళాయిల పక్కన నిలబడి ఆఫీసరు ఫోటోలు మాత్రం అప్పుడే దిగాడు.

ఆ వారం నుంచే కాలనీలో కాఫీ గోల మొదలైంది. వాళ్ళు తాగడానికి సీసా నీళ్ళే వాడేవాళ్ళు, కాఫీకి మాత్రం కుళాయి నీళ్ళు పట్టేవాళ్ళు. కాఫీ బాగాలేదని ఒకావిడ, తలనొప్పి అని ఇంకొకావిడ, ఇలాంటి కాఫీ తాగుతూ ఈ ఎడారిలో బతకలేనని మరొకావిడ. యుద్ధం జరిగిన చోటికొచ్చి కాఫీ కోసం కన్నీళ్ళు పెట్టుకునే వాళ్ళను చూస్తే నాకు జాలి కలగలేదు, నవ్వొచ్చింది. ఆఫీసరు మాత్రం హడలిపోయాడు. జెద్దా నుంచి ఒక రకం పొడి తెప్పించాడు. అది నచ్చలేదంటే ఇంకో రకం, అదీ నచ్చకపోతే మరో రకం. స్టోరులో కాఫీ డబ్బాలు గుట్టలు పడ్డాయి. మనిషి తాగే నీళ్ళ గురించి కదలని కంపెనీ, కాఫీ పొడి కోసం లారీలు కదిలించింది.

ఒకరోజు ఇంజెక్షన్ ఇవ్వడానికి ఒక ఇంటికి వెళ్తే, ఆ ఇల్లాలు మర్యాదకు చిన్న కప్పులో కాఫీ ఇచ్చింది. ఒక్క గుక్క తాగగానే తెలిసిపోయింది. ప్రతి శుక్రవారం ఫ్లాస్కులో రుచి చూసే నీళ్ళే! లేచి ఇత్తడి కుళాయి తిప్పి దోసిట్లో పట్టి తాగాను. ఆవిడకు చెప్పాను, అక్కణ్ణుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళి ఆయనకూ చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. సాయంత్రానికల్లా ప్లంబర్లు ఇంటింటికీ పరిగెత్తారు. చీకటి పడేసరికి కాలనీ మొత్తం కాఫీ వాసన.

నాకు ఆశ పుట్టింది. ఆ నీళ్ళంటే ఏమిటో ఇప్పుడు ఆయనకు తెలిసొచ్చి ఉంటుంది కదా అనుకున్నాను. మర్నాడే వెళ్ళి, క్యాంపువాళ్ళు ఏళ్ళ తరబడి తాగుతున్నవి అవే నీళ్ళనీ, మా ఆయన పరిస్థితి ఇదనీ చెప్పి, ఒక్క ట్యాంకరు పెట్టించమని అడిగాను. ఆయన చాలా దయగా నవ్వాడు.

"వాళ్ళకి అలవాటైపోయింది సిస్టర్. ఇప్పుడు మారిస్తే ఒంటికి పడదు."

ఏదైనా విసిరికొట్టాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి బయటికొచ్చేశాను.

అయితే నా మొర ఆయన పూర్తిగా పెడచెవిన పెట్టలేదు. మరుసటి వారం సంక్షేమ విభాగం మొదటిసారి గోడ దాటి క్యాంపులోకి అడుగుపెట్టింది. బల్ల వేశారు, బ్యానరు కట్టారు, వరసలో నిలబెట్టారు. ఇటలీ వాళ్ళు వద్దన్న కాఫీ డబ్బాలు మనిషికొకటి చొప్పున పంచారు. అందరితో చప్పట్లు కొట్టించి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆఫీసరు ఫోటో దిగాడు.

ఆ శుక్రవారం మా ఆయన ఫ్లాస్కు నిండా కాఫీ కాచి నా కోసం తెచ్చాడు. క్లినిక్ వెనక బెంచీ మీద కూర్చుని మూతలో పోసిచ్చాడు. తాగాను. ఆయన నా మొహమే చూస్తున్నాడు.

"చక్కెర జర ఎక్కువనే ఏసిన. ఉప్పు తెల్వదనుకున్న," అన్నాడు.

బాగుందని చెప్పి మొత్తం తాగేశాను. ఆ రోజు ఆ ఆఫీసరు మీద పుట్టిన అసహ్యం ఇన్నేళ్ళయినా పిసరంత కూడా తగ్గలేదు.

మళ్ళీ ఎండాకాలం రాకముందే మా ఆయన పైపుల మధ్య పడిపోయాడు. అన్‌ఫిట్ అన్నారు, ఎగ్జిట్ కొట్టారు. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి రాళ్ళు తీశారు. క్యాంపు నుంచి ఆయన తెచ్చుకున్న పెట్టెలో ఆ కాఫీ డబ్బా కూడా వచ్చింది. మంచి రేకు, మూత గట్టిది, పారేయ బుద్ధి కాలేదు. ఇప్పటికీ మా వంటింట్లో పొయ్యి పక్కనే ఉంటుంది. అందులో ఉప్పు పోసుకుంటున్నాం.