చెలమలో రంగు

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. వాగుల్లోకి భూమి లోపలి నీళ్ళు ఎక్కడ ఊరుతున్నాయో వెతుకుతానని చెప్తానా, "అయితే మా స్థలంలో బోరు పాయింటు చూడండి మేడం" అంటూ కొబ్బరికాయ తెచ్చి అరచేతిలో పెడతారు. నేను పట్టుకునేది థర్మామీటరు మహాప్రభో అని మొత్తుకున్నా వినరు.

మా వదిన మాత్రం అలా అడగలేదు. మా ఆయన అక్క ఆవిడ. తిరువూరు దగ్గర వాగు పక్కన వాళ్ళకి మామిడితోట ఉంది. బోరు ఆగి ఆగి పోస్తోంది. ఈసారి కాయ దింపగానే చెట్లు కొట్టించేద్దామన్నారు ఆవిడ భర్త. ఆవిడ ససేమిరా అంది. వాగు ఇసకలో ఆవిడ తవ్వుకున్న చెలమ ఉంది, చేతులతో తీసిన చిన్న గుంట. మే నెల ఎండల్లో కూడా అందులో నీళ్ళు నిలుస్తున్నాయి. అక్కడ ఊట ఉందనీ, గట్టున బావి తవ్వితే తోట బతుకుతుందనీ ఆవిడ నమ్మకం.

"అమ్మాయ్, నువ్వు చదివిందిదేగా. ఊటేనని నువ్వొక్క మాట చెప్పు, మీ అన్నయ్య ఇంక చెట్ల జోలికి రారు" అంది.

సెలవు పెట్టి వెళ్ళాను. అది పేరుకే వాగు. అక్కడో మడుగు, ఇక్కడో మడుగు, మిగతాదంతా కాళ్ళు కాలే ఇసక. ఎండాకాలంలో భూమి లోపలి నుంచి వచ్చే నీరు పైనీటి కంటే చల్లగా ఉంటుంది. అందుకని ఇనపకడ్డీకి కట్టిన థర్మామీటరును ఇసకలో గుచ్చుకుంటూ నడిచాను. ఎక్కడ గుచ్చినా వేడే. చెలమ దగ్గర గుచ్చగానే అంకె గబగబా దిగింది.

"వదినా, ఇక్కడ చల్లగా ఉందండీ!" అని అరిచేశాను.

ఆవిడ "దేవుడికి స్తోత్రం" అంటూ ఇసకలోనే చతికిలబడి ఏడ్చింది. దాచడమెందుకు, నాకూ కళ్ళు తడిశాయి.

గట్టు మీద నిలబడ్డ అన్నయ్యగారు, "చల్లగా ఉంటే ఊటేనామ్మా?" అన్నారు.

ఒళ్ళు మండింది. కానీ అడిగింది సరైన ప్రశ్నే. నీరు భూమిలోంచి వచ్చిందని చల్లదనం చెబుతుంది. ఆ భూమిలోకి ఎక్కణ్ణుంచి వెళ్ళిందో చెప్పదు. అది తేలాలంటే రంగు కలిపి చూడాలి. వాళ్ళ బోరు నీళ్ళు మట్టి బోదెలోంచి చెట్ల పాదులకు పారతాయి. మేము వాగుల్లో వాడే, హాని చెయ్యని ఆకుపచ్చ రంగును ఆ బోదెలో కలిపాను. అక్కడ ఇంకిన నీళ్ళే చెలమలోకి వస్తుంటే రంగు కనిపిస్తుంది. అసలైన ఊటైతే కనిపించదు. అప్పటిదాకా చెలమ నీళ్ళు తాగొద్దని చెప్పాను.

ఆ వారమంతా పొద్దున్నే ఇద్దరం వెళ్ళి చూసేవాళ్ళం. నీళ్ళు తేటగా ఉండేవి. "నేను చెప్పలా!" అని ఆవిడ నన్ను మోచేత్తో పొడిచేది. బావి ఎక్కడ తవ్వాలో కూడా నేను చెప్పడం మొదలెట్టాను. నాకు నోటి తొందర ఎక్కువ.

ఒకరోజు ఆవిడ నాకంటే ముందే వెళ్ళింది. నేను వెళ్ళేసరికి చెలమ పక్కన కూర్చుని ఉంది. గుంట నిండా లేత ఆకుపచ్చ రంగు.

"ఇవి మన బోరు నీళ్ళేనా అమ్మాయ్?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఎంతగా అనిపించిందో! చెప్పలేకపోయాను.

"అవును వదినా. ఇక్కడ ఊట లేదండీ. బోరు ఆగిన నాడు ఇదీ ఎండిపోతుంది."

ఆవిడ లేచింది. కొంగు దులుపుకుని తిన్నగా ఇంటికెళ్ళి, ఉన్నదున్నట్టు భర్తకి చెప్పింది. చెట్లు కొట్టించాలని పట్టుబట్టిన ఆ మనిషే నావైపు తిరిగి, "రంగు బోదె గట్టు మీంచి పొర్లి చెలమలో పడిందేమోనమ్మా. ఇంకోసారి చూడు" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

"వద్దండీ" అంది వదిన. "కాయ దింపేశాంగా. చెట్లు కొట్టేవాళ్ళకి ఫోన్ చెయ్యండి."

"ఇప్పుడంత తొందరేమొచ్చింది?"

"నీళ్ళు లేక ఒక్కో కొమ్మా ఎండిపోతుంటే, వాటి మధ్య నేను రోజూ తిరగలేను. ప్రాణం ఉండగానే కొట్టించెయ్యండి."

ఆయన కదల్లేదు. ఆవిడే ఫోన్ తీసి చేసింది.