తెల్లబట్ట మీద మరక పడకూడదని

మా పిన్ని ఆస్పత్రి వాళ్ళ తెల్లకోట్లు కుడుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ కత్తెరే. నేను నాలుగక్షరాలు నేర్చుకున్నానంటే ఆ చేతి చలవే.

కానీ ఎంత మొండిదో! బట్ట కోసే బల్ల దగ్గరికి కూర అన్న మాటే రాకూడదు. మరక పడితే కోటు గోవిందా కదా! అందుకని పగలంతా టీ, బిస్కెట్లు. ఇంటికొచ్చాక నాకు పప్పూ ఆకుకూరా కలిపి ముద్దలు పెట్టేది, తను మాత్రం ఆకలి చచ్చిపోయిందంటూ బ్రెడ్డు ముక్కతో సరిపెట్టుకునేది. పెద్దయ్యాక నేను గొడవపడితే, "కాల్షియం బిళ్ళలు మింగుతున్నాగా, నీ గోలేంటే?" అని కసిరేది.

మొన్న వానల్లో తన కుట్టు షాపు గడప తట్టుకుని పడింది. పెద్ద పడడమేం కాదు, అయినా కుడి మణికట్టు విరిగింది. "మళ్ళీ కత్తెర పట్టగలనా అమ్మా?" అని ఆస్పత్రిలో డాక్టరమ్మని అడిగింది పిన్ని.

"ముందు ఎముక అతకనివ్వండి. అసలేం తింటారు మీరు?"

పిన్ని చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"కాల్షియం ఒక్కటే ఏం చేస్తుందండీ? ఒంట్లో మెగ్నీషియం తగినంత ఉంటేనే విటమిన్ డి సరిగా పనిచేస్తుంది. ఆ డి ఉంటేనే పేగులు కాల్షియాన్ని బాగా పీల్చుకుంటాయి. ఎముక లోపలి అల్లికకి జింకు, రాగి, మాంగనీసు కొంచెం కొంచెం కావాలి. మందులు రాస్తాను, కానీ పప్పులు, గింజలు, ఆకుకూరలు తినాల్సిందే."

"అయ్యో రాత! దారం, గుండీలు లేకుండా ఉత్త బట్ట తెచ్చి కోటు అయిపోయిందనుకున్నానన్నమాట!" అంది పిన్ని. నొప్పిలోనూ నవ్వింది మహాతల్లి.

కట్టు విప్పాక రబ్బరు బంతి నొక్కీ నొక్కీ, తిట్టుకుంటూ తింటూ, చివరికి ఇవాళ బల్ల ముందు నిలబడింది. కత్తెర పట్టుకుంది. బట్ట కరకరమని తెగింది, గీత మీదుగా, తిన్నగా! ఆ డాక్టరమ్మ కడుపు చల్లగుండాలి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాను.

"ఏయ్, బల్ల దగ్గరికి తేకు!"

"నువ్వు ముట్టుకోకు. నేను పెడతా."

బల్లకి ఎడంగా నిలబడి, పప్పూ ఆకుకూరా కలిపి ముద్ద చేసి అందించాను. మొహమాటంగా తింది. రెండో ముద్ద కలుపుతుంటే నా కళ్ళు నిండి చెయ్యి ఆగిపోయింది.

"ఏమే, ముద్దేదీ?" అంది, బట్ట మీంచి చూపు తిప్పకుండా నోరు తెరిచి.