ఆదివారం లేని మనుషులు

2018 చలికాలం. అప్పుడు నేను చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్ దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇంజినీర్‌ని. నా పని కిల్న్‌ని కనిపెట్టుకుని ఉండడం. కిల్న్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం. అది తిరుగుతూ ఉంటే లోపల సున్నపురాయి కాలి క్లింకర్ అనే గడ్డలుగా మారుతుంది. ఆ గడ్డల్ని పిండి చేస్తే సిమెంట్. ఒకసారి వెలిగించాక నెలల తరబడి ఆర్పరు. దానికి పండగ లేదు, పబ్బం లేదు, ఆదివారం అసలే లేదు. మంచిర్యాల నుంచి వచ్చి దాని ముందు ఏళ్లకేళ్లు కూర్చున్నాక నాకూ అవేవీ లేకుండా పోయాయి.

ఆ రోజుల్లో చంద్రపూర్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో స్టార్టప్ పోటీ పెట్టారు. శుక్రవారం సాయంత్రం ముక్కూమొహం తెలియని వాళ్లంతా ఒక హాల్లో చేరతారు. ఎవరి ఆలోచన వాళ్లు ఒక్క నిమిషంలో చెప్పాలి. దాన్ని పిచ్ అంటారు. ఓట్లు పడ్డ ఆలోచనల చుట్టూ జట్లు కట్టి, ఆదివారం సాయంత్రానికల్లా వ్యాపారం మొదలుపెట్టి చూపించాలి. నేను దాచుకున్న ఆఫ్‌లు వాడుకుని మరీ వెళ్లాను. చప్పుడు విని కిల్న్ జబ్బు చెప్పే యాప్ నా ఆలోచన. నాకు నేను వేసుకున్న ఓటు తప్ప మరొకటి పడలేదు. ఊళ్లో కిల్న్ ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారని నా పక్కనున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది. ఆ అమ్మాయి పేరు ప్రణాలి. అదే కాలేజీలో చివరి సంవత్సరం చదివే మరాఠీ పిల్ల. వాళ్ల నాన్న భద్రావతిలో రాత్రింబవళ్లు మండే ఒక బాయిలర్‌కి ఆపరేటర్.

ఆ తర్వాత మైకు దగ్గరికి కవిత వచ్చింది. రాజురా వైపు పల్లె మనిషి. భర్త ఘుగ్గుస్‌లోనే మరో సిమెంట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాడు. మరాఠీలో మొదలుపెట్టి, మధ్యలో తడబడి, తెలుగులోకి వచ్చేసింది.

"మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దుగాల పంటడు, మూడు గొట్టంగ లేస్తడు. గప్పుడు హోటల్ల ఏం మిగలది. ఇంట్ల ఆడమనిషి ఉన్నోనికి వేడి బువ్వ, లేనోనికి సల్లబువ్వ. గా లేనోళ్లకు నేను వండి పంపుత."

ఇరవై ఏళ్ల కిందటి నైట్ షిఫ్ట్‌ల ఆకలి నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. పెళ్లికాక ముందు మధ్యాహ్నం లేచి, ఊరంతా తిని కునుకు తీస్తున్న వేళ బిస్కెట్ ప్యాకెట్ చింపుకున్న రోజులవి. ఇంకేమీ ఆలోచించకుండా ఆమె జట్టులో చేరాను. ప్రణాలి కూడా వచ్చింది. ముగ్గురం అయ్యాం.

టీ తాగుతున్నప్పుడు కవిత అసలు సంగతి చెప్పింది. పత్తి చేను చూసుకోవడానికి ఊరికి వచ్చేయమని ఆమె బావ, అంటే భర్త అన్న, ఏడాదిగా పోరుతున్నాడట. ఆమె అప్పటికే పక్క గదుల వాళ్లకు వండి పెడుతోంది. వాళ్లు మొహమాటానికి తింటున్నారని, తెలియనివాళ్లు తింటేనే అది వ్యాపారమని ఆయన వాదన. ఈ పోటీ అయ్యేదాకా ఆగమని ఆమె భర్తను ఒప్పించింది. తెలియనివాళ్లు నలుగురు తింటే ఘుగ్గుస్‌లో ఉంటారు, లేకపోతే గది ఖాళీ చేస్తారు. మాకు అది పోటీ, ఆమెకు అది ఇల్లు.

శనివారం మధ్యాహ్నం వాలిడేషన్‌కు వెళ్లాం. అంటే సరుకు తయారుకాక ముందే కొనేవాళ్లు ఉన్నారో లేదో కనుక్కోవడం. ఎవరికీ మేం తెలియకూడదు కాబట్టి లాల్‌పేట్ బొగ్గు గని క్వార్టర్లను ఎంచుకున్నాం. అప్పుడే నిద్రలేచిన వాళ్లు గుమ్మాల్లో నిలబడి పళ్లు తోముకుంటున్నారు. కవిత వండి తెచ్చిన వంకాయ కూర, పప్పు రుచి చూపించాం. వేళ్లు నాకినంత పని చేశారు. తెస్తే తింటామని గది గదికీ చెప్పారు. ఏ రోజు తెస్తామో మేం చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మేం ఎగురుకుంటూ వెనక్కి వచ్చాం.

ఆదివారం మధ్యాహ్నం వేడి వేడి డబ్బాలతో నా పాత కారు నింపుకుని వెళ్తే, ప్రతి తలుపుకీ తాళం. ఒక ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్న ముసలావిడ మమ్మల్ని జాలిగా చూసింది. బొగ్గు గనికి ఆదివారం సెలవు కదా, కుర్రాళ్లంతా నిన్న సాయంత్రమే ఊళ్లకు పోయారని చెప్పింది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కిల్న్ దగ్గర బతికేవాడిని నేను, ప్యాకింగ్ మనిషి భార్య ఒకరు, బాయిలర్ ఆపరేటర్ కూతురు ఒకరు. లోకానికి ఆదివారం అనేది ఒకటి ఉంటుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పైగా మేం వచ్చింది శని ఆదివారాల పోటీకి. ప్రణాలికి నవ్వు ఆగలేదు. కవిత మాత్రం కారు డోర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నా నసీబే గింత సార్. పత్తి ఏరుకునుడే రాసిపెట్టున్నది," అంది.

నాకు ఆమె మీద కాదు, ఆ తాళాల మీద కోపం వచ్చింది. ఆదివారం లేని మనుషులు ఎక్కడుంటారో మాకంటే ఎవరికి తెలుసు? కారు ఎక్కమన్నాను. ఘుగ్గుస్‌లో స్పాంజ్ ఐరన్, అంటే ముడి ఇనుము చేసే ఫ్యాక్టరీ వెనక కూలీల గదులు ఉంటాయి. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఆ కొలిమి కూడా ఆగదు. వాళ్లలో ఒక్కరూ మాకు తెలియదు.

వెళ్లేసరికి నైట్ షిఫ్ట్ వాళ్లు ఒక్కొక్కరే కుళాయి దగ్గరికి వస్తున్నారు. మొదట అనుమానంగా చూశారు. కవిత ఒక డబ్బా మూత తీసింది. పప్పు ఆవిరి పైకి లేచింది. మొహం కడుక్కుంటున్న ఒక ఒడియా కుర్రాడు అలాగే వచ్చి కూర్చున్నాడు. సగం తిన్నాక తలెత్తి, రేపు కూడా వస్తారా అని హిందీలో అడిగాడు. కవిత తలూపింది. పక్కకు వెళ్లి భర్తకు ఫోన్ చేసింది.

"ఎవలో ఏందో తెల్వదయ్యా. మన పేర్లు గూడ అడగలె. తిన్నరు, రేపు రమ్మంటున్రు," అని చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ అటు తిరిగి దగ్గినట్టు నటించాను.

పోటీలో మేం గెలవలేదు. అందరికంటే ఆఖరున, చేతులకు పసుపు మరకలతో చేరుకున్నాం. మీ లాల్‌పేట్ కస్టమర్లు ఏమయ్యారని జడ్జీలు అడిగితే, కవిత ఉన్నదున్నట్టు చెప్పింది. హాలంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఆమె గది ఖాళీ చేయలేదు. ఇప్పుడు ఘుగ్గుస్‌లో ఆమె వంటిల్లు ఒక్క ఆదివారం కూడా మూయదు.

ప్రణాలి ఉద్యోగం చేసుకుంటూ ఎక్కడో ఉంది. నేను జనరల్ షిఫ్ట్‌కు మారాను, పగటి మనిషినయ్యాను. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె తేలికవుతుంది. అంతకు ముందూ ఆ తర్వాతా అపరిచితుల మధ్య అంత చనువుగా నేనెప్పుడూ లేను. కిల్న్ నాకు నేర్పనిది ఒకటి వాళ్లు నేర్పారు. ఎవరికి ఏం చేయబోయినా వాళ్లకు తెల్లవారేది ఎప్పుడో ముందు కనుక్కోవాలని.

మొన్న కిల్న్ రిపేరుకు ఆగితే చాలా కాలానికి మళ్లీ రాత్రి డ్యూటీ చేశాను. ఇంట్లో ఎవరూ లేరు, ఆ సంగతి ముందురోజు మాటల్లో కవితకు చెప్పాను. మధ్యాహ్నం మెలకువ వచ్చి ఫోన్ చూస్తే కవిత గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ ఉంది.

"లేచినవా అన్నా? డబ్బా పంపుదమనుకుంటున్న. ఇయ్యాల ఆదివారం గదా, తాళం గిట్ల ఉంటదేమోనని ముందే అడుగుతున్న."